సముద్రం లేని ఊరోళ్ళం

పదకొండున్నర దాటింది, ఇంట్ల అందరు పడుకున్నరు, నాకే నిద్ర పడ్తలేదు. స్పీచ్ పోటీల మా బిడ్డ చిన్నికి సెకండ్ ప్రైజ్ వచ్చింది, స్టీల్ టిఫిన్ డబ్బా ఇచ్చిండ్రు. సంతోషమే. కని నా మనసు ఆ డబ్బా మీద లేదు.

టాపిక్ ఏందో పోయిన వారమే రాసిన గదా, సముద్రం ఒడ్డు ఊర్లు చమురును వదులుకోవాల్నా వద్దా అని. పిల్ల నాలుగు నిమిషాలు ఎక్కడ తడబడకుంట మాట్లాడింది. దిగుతుంటే జడ్జిగ వచ్చిన సారు మైకు అందుకొని, "మన హనుమకొండల సముద్రం యాడున్నది బిడ్డా, భద్రకాళి చెరువు గురించి చెప్తున్నవా" అన్నడు. హాలంత నవ్విండ్రు. చిన్ని గూడ నవ్వింది. నవ్వుకుంటనే చేతిల కాయితాన్ని మడత మీద మడత పెట్టి అగ్గిపెట్టెంత చేసింది, వెనుక కుర్చీల కూసోని నేను ఆ వేళ్ళనే చూస్తున్న. ఇంటికొచ్చినంక గూడ అది విప్పలే.

పిల్లల నోట్ల మాట అట్ల ఎందుకు కొడ్తరో నాకు అర్థం కాదు. సముద్రం లేకపోతే మాట్లాడొద్దా? ఆ సారు వచ్చింది కార్లనే గదా, అండ్ల పోసింది చెరువు నీళ్ళైతే కాదు గదా. దేశంల వాడే ముడిచమురుల 85 శాతం పైనే బయటి దేశాల నుంచి కొంటున్నం, అదంత సముద్రం మీదికెల్లే ఓడలల్ల వస్తది. సరే కారు ఇడిసిపెట్టు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ సంగతి ఏంది? ముందుగాల అది బొగ్గు మీద నడిచేది, 1999ల మూతపడ్డది, మళ్ళ కొత్తగ కట్టినంక గ్యాస్ మీద నడుస్తున్నది, ఆ గ్యాస్ కోసం గోదావరి జిల్లాల దిక్కు నుంచి మన దాంక భూమి లోపట పైపులైన్ వేసిండ్రు. 2025 వానకాలంల మా తమ్ముడు యూరియా బస్తా కోసం తెల్లారగట్లనే పోయి లైన్ల చెప్పులు పెట్టి నిలబడ్డడు, ఆ బస్తాల యూరియా గ్యాస్‌తోని చేసేదే. అంటే ఆ ఒడ్డున ఏమైతదో అది మా తమ్ముని పత్తి చేన్ల తేల్తది. గింత మాట లేచి చెప్పాలనిపించింది సారుకు. చెప్పలే. పిల్లకు ఇంకింత ఇజ్జత్ పోతదని నోరు మూసుకొని కూసున్న. పొద్దుందాక అదే బాధ. అన్నం కాడ మా ఆయనతోని లొల్లి గూడ పెట్టుకున్న, ఆయన తప్పేం లేకున్న.

గిదే రాసి పడుకుందామని మొదలుపెట్టిన. రాస్తుంటే బాపు యాదికొచ్చిండు.

మా కోల్‌బెల్ట్ ఊర్ల సైరన్ ఉండేది, మూడు షిఫ్టులకు మోగేది. మా ఇంట్ల గడియారం ఉన్నది కని అవ్వ దాన్ని చూసేది కాదు, సైరన్ కొట్టంగనే పొయ్యి మీద ఎసరు పెట్టేది, బాపు బొగ్గు బాయి మీదికెల్లి వచ్చి కాళ్ళు కడుక్కునే సరికి అన్నం ఉడికేది. ఆయన కండ్ల చుట్టు బొగ్గు గీత కాటుక లెక్క ఉండేది, ఎంత రుద్దినా పోకపోయేది. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు బాయి మూసేసిండ్రు. ఆఫీసు గోడకు ఒక కాయితం అంటించిండ్రు, గంతే. బాపుకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. తెల్లారి సైరన్ మోగలే. అవ్వ పొయ్యి ముందట గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డది, ఎప్పుడు ఎసరు పెట్టాల్నో తెల్వక. నేను స్కూల్‌కు పోతున్న, అమ్మా అంటే పలకలే.

మాదైనా నయం, నౌకరి ఉండె కాబట్టి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. గేటు ముందట చాయ్ హోటలాయనకు ట్రాన్స్‌ఫర్ యాడికి? సైకిల్ పంక్చర్లేసెటాయనకు, పిండి గిర్నీ ఆమెకు, బాయి దిగెటోళ్ళ బట్టలు పిండెటోళ్ళకు? వాళ్ళ పేర్లు ఏ లిస్టుల లేకుండె. రెండేండ్లకు మేము పండుగకు పోతే మా లైన్ క్వార్టర్లకు తలుపులు సుత లేవు, చాయ్ హోటల్ కాడ తుమ్మచెట్టు మొలిచింది.

గిదంత యాదికొచ్చినంక చిన్ని స్పీచ్ మళ్ళ తీసి చూసిన, అగ్గిపెట్టె మడతలన్ని విప్పి. ఆఖరి లైన్, "సముద్రంలోని బావులన్నీ రేపే మూసేయాలి." అది పిల్ల రాసింది కాదు. నేనే రాయించిన, చప్పట్లు పడ్తయని. ఆ లైన్‌కు టైమ్ సరిపోక పిల్ల సొంతంగ వెతుక్కున్న ముక్క కొట్టేయించిన గూడ. డెన్మార్క్ ముచ్చట అది. సముద్రంల చమురు తీసుడు 2050 కల్లా ఆపేస్తమని ఆ దేశం 2020లనే చెప్పింది, కొత్త లైసెన్సులు బంద్ పెట్టింది, ఎస్బియర్గ్ అని ఒక రేవు ఉన్నదట, ఒకప్పుడు చమురు పని మీద బతికిన రేవే ఇప్పుడు సముద్రంల నిలబెట్టే గాలిమరలను ఓడలకు ఎక్కిస్తున్నదట. ముప్పై ఏండ్ల ముందుగాల చెప్పుడు. మాకు గోడ మీద కాయితం.

పై పోర్షన్ల కోనసీమ ఆంటీ మొన్న పనసపొట్టు కూర తెచ్చినప్పుడు చిన్ని ఆమెకు ఈ స్పీచ్ చదివి వినిపించింది. రోజు గంటసేపు కూసునే మనిషి ఆఖరి లైన్ కాడ "బాగుందమ్మా" అని లేచి పోయింది. పనుందేమో అనుకున్న. ఇప్పుడు తెలుస్తున్నది. ఆమె కొడుకు కాకినాడ నుంచి సముద్రంల చమురు తీసే రిగ్గులకు సామాను మోసే పడవల మీదనే పనిచేస్తడు. 2024 జనవరిల ఆ ఒడ్డుకు దూరంగ లోతు సముద్రంల కొత్తగ చమురు తీసుడు మొదలైనప్పుడు ఈమెనే మాకు లడ్డులు పంచింది. ఆ ఇల్లు గడిచేది దాని మీదనే.

గట్లని తీస్తనే ఉండాలె అంటనా? అట్ల గూడ అనలేను. 1995 జనవరి 8 నాడు కోనసీమ పాశర్లపూడిల గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది, ఆ మంట వెలుగుకు రాత్రిపూట వాకిట్ల కూసోని బియ్యం ఏరుకున్నామండీ అని చెప్పింది కూడ ఈ ఆంటీనే, చెప్పేటప్పుడు నవ్వలే. 2014 జూన్ 27 నాడు అక్కడ్నే నగరం అనే ఊర్ల గ్యాస్ పైపు పగిలి తెల్లారగట్ల ఇరవై మందికి పైన పోయిండ్రు, కొబ్బరిచెట్లు నిలబడ్డకాన్నే మాడిపోయినయి. ఆమె తమ్ముడు పడవ మీద వేటకు పోతడు, రిగ్గుల దిక్కు వలలు వెయ్యనియ్యరని తిడ్తడు, అదే పడవకు డీజిల్ ధర పెరిగినా తిడ్తడు. ఆ ఇంట్ల ఒక్క కంచం కాడ కూసున్నోళ్ళకే ఒక్క మాట లేదు. నేను హనుమకొండల కూసోని రేపే మూసెయ్యాలె అని రాయించిన. ఆ సారు నవ్విండని పొద్దుందాక తిట్టుకున్న గదా, ఆయనకన్న నేను ఆ ఒడ్డు గురించి ఎక్కువేం అడిగి తెలుసుకున్న? అడగాలంటే పన్నెండు మెట్లు ఎక్కితే సాలు.

ఆ లైన్ పెన్నుతోని కొట్టేసి డెన్మార్క్ ముక్క మళ్ళ రాసి పెట్టిన, వచ్చే నెల జిల్లా పోటీకి పిల్ల పోతదట. అది లేచినంక ఒప్పుకుంటదో లేదో, దాని స్పీచ్ అది.

ఆంటీ గిన్నె ఇంక మా ఇంట్లనే ఉన్నది. పొద్దుగాల ఇచ్చి రావాలె. ఉట్టి గిన్నె ఇయ్యొద్దు, సకినాలు అడుగున నాలుగున్నయి, చూడాలె.