టూన్ పట్టణంలో ఒక బీరువా

2017 జూన్‌లో ఒక శుక్రవారం సాయంత్రం స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ నుంచి టూన్‌కు రైలులో వెళ్తున్నాను. బెర్న్‌లో సైనిక దుస్తుల్లో నలుగురు కుర్రాళ్లు ఎక్కి, సంచులతో పాటు రైఫిళ్లను కూడా తలపైన సామాన్ల అరలో పెట్టి కూర్చున్నారు. నా గుండె ఝల్లుమంది. ఎదుటి సీటులోని పెద్దావిడ అల్లిక నుంచి తల కూడా ఎత్తలేదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని సైతం పోలీస్ స్టేషన్‌లో అప్పగించే ప్రాంతం నాది.

టూన్‌లో మా తమ్ముడి సహోద్యోగి ఇంట్లో బస. అతను ఇంజనీరు, ఏటా మూడు వారాలు సైనికుడు. స్విస్ సైన్యంలో ఎక్కువమంది ఇలాంటి పౌరులే. శిక్షణలో ఇచ్చిన రైఫిల్‌ను సేవాకాలం ముగిసేదాకా ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అడగ్గానే బీరువా తెరిచి చూపించాడు. నాలుగు కిలోల పైచిలుకు బరువుంది. అది లేకుండా పేల్చలేని దాని బోల్టు అనే భాగం వేరే గదిలో, తాళం వేసిన సొరుగులో ఉంది. తూటాలు లేవు.

"ఇప్పుడు లేవు" అన్నారు వాళ్ల అమ్మగారు. ఆమె భర్త కాలంలో 50 తూటాలతో సీలు వేసిన డబ్బా కూడా ఇంట్లోనే ఉండేదట. యుద్ధం వస్తే దారిలో పోరాడుతూనే తన దళాన్ని చేరుకోవాలని దాని ఉద్దేశం. "సీలు విప్పడానికి ఎంతసేపు?" అన్నారామె. ఆ డబ్బాలను వెనక్కి తీసుకోవాలని ప్రభుత్వం 2007లో నిర్ణయించింది.

సైనికుల తుపాకులను కూడా ఆయుధాగారాల్లోనే ఉంచాలన్న ప్రతిపాదనపై 2011 ఫిబ్రవరి 13న ప్రజలు ఓటేశారు. 56.3 శాతం మంది వద్దన్నారు. ఆ ఇంట్లో తల్లి అవునని, కొడుకు కాదని వేశారు. "దేశం నన్ను నమ్మి ఇచ్చింది" అన్నాడతను. ఆ మాటలోని బాధ్యతకు నేను తల వంచుతాను. అయినా నేను తల్లి పక్షమే. నమ్మదగిన మనిషికీ చీకటి రాత్రులుంటాయి. 2003 సంస్కరణతో సైన్యం దాదాపు సగానికి తగ్గి, ఇళ్లలో తుపాకులు తగ్గాక, సైనిక సేవ వయసు పురుషుల్లో ఆత్మహత్యలు తగ్గాయని పరిశోధకులు గమనించారు. కోరుకున్నవారు ఆయుధాగారంలో ఉచితంగా అప్పగించే వీలు ఇప్పుడుంది. అతను మాత్రం అప్పగించలేదు.

శనివారం ఉదయం రైఫిల్‌ను వీపున వేసుకుని, సైకిలెక్కి ఏటా తప్పనిసరైన గురి పరీక్షకు వెళ్లాడు. 300 మీటర్ల దూరం, 20 తూటాలు. తూటాలు అక్కడే ఇస్తారు, అక్కడే కాల్చేయాలి. కొండల మీదుగా ఆ చప్పుళ్లు ఇంటిదాకా వినిపించాయి.

అతను తిరిగొచ్చాక, సొరుగుకు తాళం పడిన చప్పుడు విన్న తరువాతే అమ్మగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు.