రబ్బరు లేని గీత

మన పాత విద్యార్థుల సభకు వేసే సంచిక కమిటీ తరఫున మన క్లాసు లీడరు ఫోను చేసి, "ఉద్యోగం ఎందుకు మానేసినావో రాయి, రెండు పేజీలు చాలు" అన్నాడు. మానేసిన రోజు గురించి రాయాలంటే అర పేజీ కూడా రాదు. 2011 మార్చి 31, గురువారం. మద్రాసు అంబత్తూరు ఎస్టేటులో ఆఖరి బిల్లు సరిచూసి, బీరువా తాళాలు పక్క సీటు అమ్మాయి చేతిలో పెట్టి, గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ పని కోసం కోయంబేడులో కాళహస్తి బస్సెక్కినాను. అంతే. దాని మొదలు మాత్రం మన తొమ్మిదో తరగతి బి సెక్షనులో ఉంది. అందుకని డ్రాయింగు అయ్యవారి గురించే రాస్తాను. లెక్కల సారు, గంట, మామిడిచెట్టు సంగతులు మిగతావాళ్ళు రాస్తారు. మామిడిచెట్టు సంగతి రాయకపోయినా మంచిదే.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లు అయ్యవారివి. వరసగా నడిపించుకుని తేరువీధి దాకా తీసుకుపోయి, గాలిగోపురం ఎదురుగా కూర్చోబెట్టేవారు. ఏడు నిలువులు, అంటే ఏడు అంతస్తులు. కింద నుంచి గీయమనేవారు. మనమందరం కలశాలు ముందు గీసేసి, అవి కాగితం అంచుకి తగిలి, కింద చోటు మిగిలిపోయి, ఆ చోట్లో టెంకాయల అంగళ్ళు గీసి నింపేవాళ్ళం. మా నాయన అంగడి అందరి బొమ్మల్లోనూ ఉండేది. అయ్యవారు ఒక్కొక్కరి పుస్తకం చూసి ఏమీ అనకుండా కలశం మీద వేలు పెట్టి, ఆ వేలు కిందికి జరిపి వాకిలి దగ్గర ఆపేవారు. మళ్ళీ శనివారం మళ్ళీ అదే గోపురం. సోడాబుడ్డి ఒకసారి, "అయ్యవారూ, ఇంకో గుడి లేదా" అని అడిగితే, "దీన్ని చూసినావా ఇంకా?" అన్నారు. ఆ మాట మనం ఏడాదంతా అన్నిటికీ వాడుకున్నాం. అన్నం దగ్గర కూడా.

1989 జనవరి, సంక్రాంతి సెలవులకి ముందు శనివారం. ఆ రోజు గోపురం దగ్గర ఆగకుండా ఏటికి తీసుకుపోయినారు. స్వర్ణముఖిలో అప్పుడు మోకాలి లోతు పారుతోంది. ఒడ్డున ఇసుక మీద చీరలంత పొడుగు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఇద్దరు మనుషులు వాటి మీద నీళ్ళు చల్లుతూ తిరుగుతున్నారు. గుడ్డలను పేడనీళ్ళలో నానబెట్టి ఎండలో తడుపుతూ ఉంటే తెలుపు తేలుతుందని అయ్యవారు చెప్పినారు. నీళ్ళలో ఇంకొకాయన పటిక పెట్టిన గుడ్డను జాడిస్తున్నాడు. "పారే నీళ్ళే కావాల. నిలవనీళ్ళలో ముంచితే పటిక పక్కకు పాకుతుంది. రేపు ఎరుపులో ఉడకేసినప్పుడు అది పాకినచోటంతా ఎర్రబడుతుంది" అన్నాడు ఆయన తలెత్తకుండానే. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత నా మొదటి గుడ్డ సీతమ్మ ముఖం మీద ఎర్రమరక పాకినప్పుడు అయింది.

తర్వాత అయ్యవారు సంచిలో నుంచి జానెడు జానెడు గాడా, అంటే ముతక నూలు, గుడ్డముక్కలు తీసి పంచినారు. కరక్కాయ, గేదెపాలు పట్టించినవి. ఆ వాసన! పొడుగోడు ముక్కు మూసుకుని ఏట్లోకి పరుగెత్తినాడు. సోమవారం నుంచి బి సెక్షనుకి 'పాలగుడ్డ' అని పేరు పడింది మీ అందరికీ గుర్తే. పాలలోని జిడ్డే రంగును పాకనీయకుండా పట్టుకుంటుందని మనలో ఒక్కరు కూడా ఆ రోజు వినలేదు.

నల్ల గీతలకు వాడే కసిమి కుండ మూత తీసినప్పుడు ఇంకో వాసన. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, తాటిబెల్లం మూడు వారాలు నీళ్ళలో పులిసిన వాసన. వెదురుపుల్ల చివర చెక్కి, పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాలు అయ్యవారే చేసి తెచ్చినారు. ముందు తన కలం ముంచి, ఉన్నిని వేలితో సుతారంగా నొక్కి ఒక గీత గీసినారు. గీసినప్పుడు పలచటి మట్టినీళ్ళలాగా ఉంది. మనం చూస్తుండగానే నల్లబడింది. గుడ్డలో ఉన్న కరక్కాయ, కుండలో ఉన్న ఇనుము కలిస్తే నలుపు. ఎవరూ మాట్లాడలేదు. బి సెక్షను మొత్తం నోరు మూసుకున్న రోజు అదొక్కటే.

సాలీడు, పాము, ఏనుగు, మధ్యలో లింగం గీయమన్నారు. మన ఊరి పేరే కదా. నేను ఏనుగుతో మొదలుపెట్టినాను. నాలుగు కాళ్ళు గీసి, తొండం అనుకుని దింపిన గీత పొట్ట కింద నుంచి నేలదాకా వచ్చేసింది. ఐదో కాలు. వెనక్కి తిరిగి రబ్బరు కోసం, మనం 'గంట' అని పిలిచే నేస్తం వైపు చెయ్యి చాచినాను. అలవాటు. రెండో బెంచి సంఘం మొత్తం నవ్వినారు. అయ్యవారు వచ్చి పక్కన ఇసుకలో కూర్చున్నారు.

"దీనికి రబ్బరు లేదు పాపా."

"మరి ఏం చేసేది అయ్యవారూ?"

"ఏనుగు సామికి ఏమి తెచ్చింది?"

"మారేడు పత్రి."

"చెట్టు ఎక్కడుందో?"

ఐదో కాలు మీద నుంచి కొమ్మలు తీసినాను. మూడేసి ఆకులు. ఏనుగు పొట్టకు ఆనుకుని మారేడుచెట్టు నిలబడింది. అయ్యవారు చూసి, "ఆకులు ఇంకా పెట్టు" అని లేచి వెళ్ళిపోయినారు. పొగడలేదు. నాకు మాత్రం పొద్దు వాలేదాకా ఆకలి తెలియలేదు. 'ఐదుకాళ్ళు' అనే పేరు పదో తరగతి ఫేర్‌వెల్ దాకా నాతోనే వచ్చింది. ఇప్పటికీ ఫోనులో అలాగే పిలిచేవాళ్ళు ముగ్గురున్నారు. పిలవండి, నాకు ఇష్టమే.

ఇంటరు, డిగ్రీ, పెళ్ళి. వాటిలో ఇక్కడ చెప్పాల్సిందేమీ లేదు. 1996లో మద్రాసులో ఒక విడిభాగాల కంపెనీ లెక్కల విభాగంలో చేరినాను. పదిహేనేళ్ళు. మంచి మనుషులు, నెల మొదటి తారీఖున జీతం, దీపావళికి బోనసు. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. వచ్చిన బిల్లును ఆర్డరుతో పోల్చి, సరుకు చీటీతో పోల్చి, మూడూ కలిస్తే ముద్ర వేసేదాన్ని. రోజుకి ఎనభై, తొంభై. ముద్ర వేసిన కాగితాన్ని మళ్ళీ ఎవరూ తెరిచి చూడరు. అదే ఆ పని గొప్ప, మళ్ళీ చూడాల్సిన అవసరం రాకూడదు. సాయంత్రం లోకల్ రైల్లో కూర్చుని చేతులు చూసుకునేదాన్ని. ముద్ర సిరా ఊదారంగు మరక, సబ్బుతో పోయేది.

2008 జనవరిలో మన ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి పద్మశ్రీ ప్రకటించినారు. నాలుగు రోజుల తర్వాత నా పేరున ఒక కవరు వచ్చింది. లోపల ఆ వార్త కత్తిరింపు ఒక్కటే. ఉత్తరం లేదు. 'శ్రీకాళహస్తి' అన్న మాట కింద పెన్సిలు గీత. గీత మొదట సన్నంగా, మధ్యలో లావుగా, చివర మళ్ళీ సన్నంగా. ఎవరి చెయ్యో నాకు తెలుసు. అయ్యవారు రిటైరైనా నా అడ్రసు ఎట్లా సంపాదించినారో తెలియదు. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో మన ఊళ్ళో కలంకారీ నేర్పే కేంద్రం పెట్టినప్పుడు ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలి ఉన్నారని అయ్యవారు మనకు ఎన్నిసార్లు చెప్పినారు! పరీక్షలో రాదు కదా అని మనం కిటికీలోంచి చూసేవాళ్ళం. ఆ కత్తిరింపును ఆఫీసు సొరుగులో పెట్టినాను, బిల్లుల కింద.

తర్వాత 2010 మే 26. ఆ రాత్రి మీరందరూ ఎక్కడున్నారో మీ అందరికీ గుర్తుంటుంది. నేను వంటింట్లో ఉన్నాను. నాయన ఫోను చేసి "గోపురం పడిపోయిందమ్మా" అని ఇంకేమీ చెప్పలేకపోయినాడు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. పొద్దున మొదటి బస్సుకి వచ్చినాను. దుమ్ము ఇంకా అణగలేదు. గోపురం ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. నాయన అంగడి ముందు కూర్చుని, బిల్లు పుస్తకం వెనక కాగితం మీద దాన్ని గీద్దామనుకున్నాను. కింద నుంచి. వాకిలి వచ్చింది. మొదటి నిలువు వచ్చింది. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ద్వారపాలకుడి చెయ్యి ఎటు తిరిగి ఉండేదో తెలియలేదు. ఏడాదంతా ప్రతి శనివారం గీసినాను, ఐదు వందల ఏళ్ళు అది అక్కడే నిలబడి ఉంది, నా చేతికి మాత్రం గుర్తు లేదు. ఊరంతా ఏడుస్తోంది, నేనూ ఏడ్చినాను. నా ఏడుపులో ఒక భాగం దీని కోసం.

పది నెలలు పట్టింది తేల్చుకోడానికి. మా ఆయన ఉద్యోగం చెన్నైలోనే. పాప ఏడో తరగతి. ఆరేళ్ళు మాది శని, ఆదివారాల సంసారం. దీన్ని తేలిక చేసి రాయను. పాప పెద్దమనిషైన రోజు నేను దాని దగ్గర లేను, పటిక పెట్టిన గుడ్డలతో ఇక్కడ ఉన్నాను. నాయనకు చెప్పినప్పుడు టెంకాయల పీచు తీస్తున్నాడు. చేతిలోది పూర్తిగా తీసి, బుట్టలో వేసి, "అది నీకు కూడు పెడుతుందా?" అన్నాడు. తెలియదన్నాను. "సరే, మేడమీద గది ఖాళీ చేస్తాలే. ఎండ బాగా వస్తుంది, గుడ్డలు ఆరతాయి" అన్నాడు. టెంకాయలు అమ్మి నన్ను డిగ్రీ చదివించిన మనిషి. అంతకంటే ఎక్కువ ఎవరైనా ఏమి ఇవ్వగలరు?

నెలకి ఇరవై రెండు వేల జీతం వదిలి వచ్చినదాన్ని, మొదటి ఏడాది మొత్తం సంపాదించింది ముప్పై ఒక్క వేలు. చింతబొగ్గుతో రూపు దిద్దడానికే నాలుగు నెలలు. ఆ నవంబరు వానలకి పదకొండు గుడ్డలు బూజుపట్టినాయి. ఏట్లో నీళ్ళు లేవు. మనం ఈతకొట్టిన చోట ఇసుకలో చెలమ తవ్వి బిందెలతో తోడుకున్నాము, అదీ చాలక బోరు నీళ్ళు తొట్టిలో పారించినాము. పసుపుకి కరకపువ్వు, ఎరుపుకి చవలకొడి వేరు, నీలానికి నీలిమందు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఎరుపు ఉడికిన తర్వాత గుడ్డను మళ్ళీ పాలల్లో ముంచాలి, లేకుంటే మిగతా రంగులు నిలవవు. ఈ మళ్ళీ మళ్ళీ ముంచడం, ఆరేయడం, ఉతకడంలో ఏ ఒక్కటీ ముద్ర వేసి పక్కన పెట్టేది కాదు. నిన్న చేసినదాన్ని ఈ రోజు నీళ్ళు పరీక్ష చేస్తాయి.

2012లో నాకు నచ్చిన మొదటి గుడ్డ, అశోకవనం, చుట్టుకుని అయ్యవారి ఇంటికి పోయినాను. అప్పటికి ఆయనకు చూపు బాగా తగ్గింది. మంచం మీద పరిచినాను. చేత్తో నిమిరినారు, అంచు ఎత్తి వాసన చూసినారు.

"పాలు తక్కువైనాయి పాపా."

నిజమే. హనుమంతుడి తోక దగ్గర నలుపు వెంట్రుకవాసి పాకింది. చూపున్నవాళ్ళెవరూ పట్టుకోలేదు. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఆ తర్వాత ఏ బహుమతికీ కలగలేదు. వచ్చేటప్పుడు వాకిలిదాకా వచ్చి, "జీతం పోయిందని బాధ ఉందా?" అని అడిగినారు. లేదన్నాను. "ఉంటే ఉందని చెప్పు, తప్పేమీ లేదు" అన్నారు. అప్పుడు, నెలాఖరున కొంచెం ఉంటుందని చెప్పినాను. తలూపినారు. 2015లో ఆయన పోయినప్పుడు మనలో పద్నాలుగు మందిమి వచ్చినాము. గంట అమెరికా నుంచి పంపిన పూలు కూడా.

ఇప్పటి సంగతి. ఆ మేడ గది చాలక పక్క ఇల్లు అద్దెకు తీసుకున్నాము. నా దగ్గర నేర్చుకున్న ఎనిమిది మంది ఆడపిల్లలు ఈ పనితోనే ఇల్లు నడుపుతున్నారు. ఇద్దరు నన్ను మించినారు, ముఖాలు వాళ్ళే గీస్తారు. యంత్రం మీద అచ్చువేసిన గుడ్డకు కలంకారీ అని పేరు పెట్టి అమ్ముతుంటే మనసు మండుతుంది. గుడ్డ కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉందో లేదో చూడండి, వాసన చూడండి. మీ దగ్గర ఇంత అడిగే హక్కు నాకుంది అనుకుంటున్నాను. 2017లో కొత్త గాలిగోపురానికి కుంభాభిషేకం అయినాక, ఆరు అడుగుల గుడ్డ మీద పాత గోపురం గీసినాను. లీడరు పంపిన మన టూరు ఫోటో వెనకాల కనిపించిన రెండు నిలువులు, నాయన చెప్పిన గుర్తులు, పాత పోస్టుకార్డు ఒకటి, వీటితో. ద్వారపాలకుడి చెయ్యి కిందికే తిరిగి ఉండేది. ఆ గుడ్డ అమ్మలేదు, మన సభకు తెస్తాను.

ఐదు కాళ్ళ ఏనుగు గుడ్డ కూడా నా దగ్గరే ఉంది. ఇనుము నలుపు కదా, గీతల వెంట నూలును కొద్దికొద్దిగా తినేసింది. మారేడు ఆకులున్న చోట ఎత్తి పట్టుకుంటే వెలుతురు కనిపిస్తుంది. అద్దం కట్టించి తెస్తాను, ఎవరూ వేలు పెట్టకండి.

ఇంకొకటి. సభ రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరికీ జానెడు గుడ్డముక్క ఇస్తాను. కలాలు పిల్లలు చెక్కుతున్నారు. కసిమి కుండ నిన్ననే పెట్టినాను, మూడు వారాల్లో, సరిగ్గా ఆ ఆదివారానికి తయారవుతుంది. ముందురోజే తెచ్చి మన తొమ్మిది బి గదిలో పెడతాను. రెండో బెంచి సంఘం మూత తీయకుండా లీడరు కాపలా ఉండాలి.