కిటికీ రెక్క గోడకు ఆనితే కదా! పార్లమెంట్ బందులతో తాజా పోరు

గోడకు ఆనించిన రెక్క తనంతట తానే బయలుదేరి, సగం దూరం వచ్చి ఆగుతోంది. విశాఖలో సముద్రం ఎదుట ఇల్లు. సగం తెరిచిన రెక్క గాలికి చిక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మిగతా మూడు రెక్కలూ చక్కగా వెనక్కి మడిచి కూర్చున్నాయి, గడియలన్నీ పడుతున్నాయి. తూర్పు గది కుడి రెక్క ఒక్కటే మొండికేసింది.

మూసినప్పుడు రెక్క బయటి ముఖం గోడ పూతకంటే 62 మి.మీ. లోపల ఉంటుంది. బందు పిన్ను, అంటే రెక్క తిరిగే కడ్డీ, రెక్క ముఖం నుంచి ఎంత బయటికి ఉంటే, మడిచిన రెక్క దానికి రెట్టింపు బయటికి వస్తుంది. అంటే కనీసం 31 కావాలి. మామూలు బందు ఇక్కడ దండగ, వెడల్పు రేకులతో పిన్ను బాగా బయటికి వచ్చే పార్లమెంట్ బందే దిక్కు. నేను తెచ్చిన ఇత్తడి పార్లమెంట్ బందు విప్పితే 140 వెడల్పు, 27 చెక్కలోకి పోగా పిన్ను 43 బయటికి. గోడకూ రెక్కకూ మధ్య 24 సందు మిగలాలి. మిగిలింది కూడా.

ఇక జబ్బు. రెక్క 450 × 1200 × 32, పాత టేకు, 11 కిలోలు. పై పిన్ను నుంచి గుండు కట్టిన దారం వదిలితే, 800 మి.మీ. కిందనున్న రెండో పిన్ను 7 మి.మీ. గోడ వైపు ఉంది. రెండు పిన్నులనూ కలిపే ఇరుసు తల బయటికి వాలిందన్నమాట. రెక్క బరువు ఎప్పుడూ ఆ వాలు వైపే దిగుతుంది కాబట్టి మూసినా నిలవదు, తెరిచినా నిలవదు. లెక్క కడితే అంచు దగ్గర తోపు 48 గ్రాములే. నూనె వేసిన బందుకు అదే ఎక్కువ.

ఆ 7లో 4 పాత ఫ్రేము వాలు. కొలిస్తే పై బందు 43, కింది బందు 41.5 తేలాయి, అది ఇంకో 1.5. ఒకే పొట్లంలోవి ఇలా ఉంటే ఎలా? తూకానికి అమ్మే బందులను కొలవకుండా కొనకండి. మిగిలిన 1.5 ఎక్కడిదో తేలలేదు. రెక్క సగంలో ఉండగా దాని బరువు పై బందును బయటికి లాగుతుంది, అక్కడ ఫ్రేము చెక్క కాస్త మెత్తబడింది. నా అనుమానం దానిమీదే.

పై బందును ఫ్రేములోనూ రెక్క అంచులోనూ 5 మి.మీ. లోపలికి జరిపాను. రెండూ సమానంగా జరిగితే మూసిన రెక్క చోటు మారదు. చిక్కంతా పాత స్క్రూ రంధ్రాలతో: కొత్తవి వాటి పక్కనే పడి జారిపోతాయి. టేకు బిరడాలు ఫెవికాల్ మెరైన్‌తో దిగ్గొట్టి, మర్నాడు కొత్తగా తొలిచాను. ఆ జిగురు మీద నాకు మంచి గురి. వాలు 2కు దిగాలి, 3 దగ్గర ఆగింది. గాలి లేనప్పుడు రెక్క నిలుస్తోంది, సముద్రపు గాలి మొదలవగానే మళ్లీ నడక.

ఇత్తడి బందుకు మామూలు ఇనుప స్క్రూలు మాత్రం వద్దు. ఉప్పుగాలిలో ముందు తినేసేది వాటినే. ఇత్తడివి మెత్తన, తల తెగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికి ఇక్కడ గోధుమ మరకలు పడతాయి, మాలిబ్డినం కలిసిన 316 ఖరీదైనా అదే కొనండి.

పై బందుకు లోపల ఇక చోటు లేదు, 32 మందం నిండిపోయింది. కాబట్టి ఈసారి కింది బందును 6 బయటికి లాగుతాను. అప్పుడు ఇరుసు తల 3 మి.మీ. గోడ వైపు వాలుతుంది, రెక్క మూసినా తెరిచినా ఆ కొసనే ఉండాలి. తెరిచినప్పుడు సందు పై బందు దగ్గర 14కు తగ్గి, కింది బందు దగ్గర 33 అవుతుంది, గోడ కొక్కెం పొడవుది వెతకాలి. బందు రేకుకు చెక్కలో 21 మాత్రమే మిగులుతుంది, అంచు చీలకుండా స్క్రూలను ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎగుడుదిగుడుగా వేయాలి. ఇది కుదిరితే ఉత్తరం గది కిటికీకి పట్టీ బందులు, అంటే పొడవాటి పట్టీ రెక్క ముఖం మీద అడ్డంగా పరుచుకునేవి. పుదుచ్చేరి ఫ్రెంచి పేట ఇళ్ల కిటికీలు చూసినప్పటి నుంచీ మనసు వాటి మీదే ఉంది.