వేలు ఒకచోట, గొంతు ఒకచోట

మనం చదువుకున్న రోజుల్లో వాచకం అంటే క్లాసంతా కలిసి గొంతెత్తి చదివేదే. ఆ హోరులో అక్షరం రానివాడు కూడా దర్జాగా పైక్లాసుకి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు సాయంత్రాలు పేదింటి పిల్లలకు చదవడం నేర్పుదామని ముందుకొస్తున్న మన పాత మిత్రులు మొదట పట్టుకోవాల్సింది ఈ గుట్టునే. పిల్ల గడగడా అప్పజెబుతుంది, వేలు మాత్రం రెండు మాటల వెనకాలే ఉంటుంది. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి, మూడో వరస మధ్యలోంచి ఒక మాట చూపించండి. తడుముకుంటే అది కంఠస్థమే.

పుస్తకం ఎంచడానికో లెక్కుంది. కొత్త పేజీలో 50 మాటలు చదివించి, తప్పులకు పిల్లలు చూడకుండా గీతలు పెట్టుకోండి. రెండు దాటకపోతే ఆ పుస్తకం సొంతంగా చదువుకోవచ్చు. మూడు నుంచి ఐదైతే మీరు పక్కన కూర్చోవాలి. ఐదు దాటితే తీసేయండి. మూడో తరగతి పిల్లాడికైనా ఒకటో తరగతి పుస్తకం ఇవ్వండి, కాకపోతే తరగతి అంకె కనబడకుండా అట్ట వెయ్యండి. "వచ్చారు"ను ఇంటి యాసలో "వచ్చిండ్రు" అని చదివితే తప్పు కింద వెయ్యకండి. అర్థమైంది కాబట్టే అలా మార్చాడు.

పిల్లలు నిజంగా ఇరుక్కునేది గుణింతం దగ్గర, ఒత్తుల దగ్గర. క గుణింతం వరసగా అప్పజెప్పిన పిల్లకు విడిగా "కె" చూపిస్తే, "క" నుంచి మొదలెట్టి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. అందుకే ఒక వారమంతా గుడి ఒక్కటే చెప్పండి: కి, గి, తి, లి. వెంటనే చిలక, గిలక, తిరగలి చదివించండి. కొమ్ము దగ్గర వు, మ పక్కపక్కన రాసి చూపాలి. "వ"కు కొమ్ము పక్కన తగిలిస్తే "మ" అయిపోతుంది, అందుకే అది కిందినుంచి వస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా కనబడవు. వాటిని పట్టికగా బట్టీ పట్టించడం దండగ. అత్త, అన్న, అమ్మ, చెల్లి లాంటి నోటికి తెలిసిన మాటల్లో చూపితే చాలు. పుస్తకాన్ని "పుసకం" అంటే ఒత్తు కనబడలేదన్నమాట, దాని చుట్టూ సున్నా చుట్టండి. "పుత్సకం" అంటే కనబడింది గానీ వరస తప్పింది, అప్పుడు నెమ్మదిగా పలికించాలి.

మాట దగ్గర ఆగితే వెంటనే అందించకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. మీరు ఆగినా పక్కపిల్లలు ఆగరు, అందుకే ఒకరి దగ్గర ముగ్గురికి మించి వద్దు. ఒకే పేజీని ముందు మీరు, తర్వాత ఇద్దరూ కలిసి, చివర పిల్ల ఒక్కతే చదవాలి.

పుస్తకాలు ఇంటికి పంపండి. చిరుగుతాయి, కొన్ని పోతాయి. జరిమానా అన్నారంటే మర్నాటినుంచి ఎవరూ ముట్టరు. అమ్మకు చదువు రాకపోయినా వినగలదు, తర్వాత ఏమైందని అడగగలదు. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే పిల్లను వద్దనకుండా, వాడికీ ఓ బొమ్మల పుస్తకం ఇవ్వండి.

పెద్దవాళ్ల పనుల వెంట వెళ్లి పదిరోజులు కనబడని పిల్లలుంటారు. నిన్నటి పాఠం వస్తేనే ఇవాళ్టిది అర్థమయ్యేలా అల్లితే వాళ్లు మళ్లీ రారు. ఏ రోజు 40 నిమిషాలు ఆ రోజుకే సరిపోవాలి. తిరిగొచ్చిన రోజున ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఇదివరకు బాగా చదివిన పుస్తకమే ముందు చేతికివ్వండి. కొత్తది ఓ పది నిమిషాలయ్యాక తీయవచ్చు.