నా సాక్ష్యంలో పిలాటీస్ కూడా ఉంది

నేను గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను. మూడో సంవత్సరం వానాకాలంలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి స్టాండ్ మీద పెడుతుంటే నడుములో కలుక్కుమంది. రెండు రోజుల్లో అదే పోతుందిలే అని అమృతాంజనం రాసుకుని పడుకున్నాను. పోలేదు. నొప్పి కుడి పిరుదులోకి, అక్కడి నుంచి తొడ వెనకగా పిక్కలోకి దిగింది. దగ్గినా తుమ్మినా కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండేది. క్లాసులో కూర్చోలేక చివరి బెంచీ పక్కన నిలబడి పాఠాలు విన్నాను. బకెట్ ఎత్తలేను, సాక్సు వేసుకోలేను. నా రూమ్మేటే వంగి నా చెప్పుల పట్టీ పెట్టేది, టిఫిన్ గదికి తెచ్చిపెట్టేది.

"ఈ వయసులో నడుము నొప్పేంటి?" అని అడగనివాళ్లు లేరు. గంటల తరబడి లాప్‌టాప్ ముందు మంచం మీద వంగి కూర్చునే మా తరానికి ఇది వింతేమీ కాదని తర్వాత తెలిసింది.

ఎముకల డాక్టరు గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడి కాలు పైకెత్తారు. సగం కూడా లేవకముందే నొప్పి పిక్క దాకా పాకింది. ఎమ్మారై తీయించారు. నడుము పూసల్లో నాలుగో దానికీ ఐదో దానికీ మధ్య ఉన్న డిస్క్ వెనక్కి ఉబ్బి నరాన్ని నొక్కుతోందట. రిపోర్టు చూసి అమ్మ ఏడ్చేసింది. వెన్నెముక అనగానే ఆమెకు ఆపరేషనే గుర్తొచ్చింది. డాక్టరు గారు ఆమెను కూర్చోబెట్టి, "ఆపరేషన్ అక్కర్లేదమ్మా. ఎక్కువ మందికి ఇది కొన్ని వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. మంచానికి అంటుకుపోకుండా నడుస్తూ ఉండాలి, తర్వాత కండరాలు గట్టిపరచుకోవాలి" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. నడుము నొప్పి ఉన్న ప్రతివాళ్లకూ ఇది తెలియాలని రాస్తున్నాను: మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకుండా వేలాడిపోతున్నా, తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. పడుకునే ముందు మోకాళ్లూని ప్రార్థన చేసుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ రోజుల్లో మోకాళ్లూనితే మళ్లీ లేవలేను. నేల మీద పడుకుని, రెండు పిక్కలూ హాస్టల్ కుర్చీ మీద ఆన్చి, పైకప్పు వైపు చూస్తూ ప్రార్థించేదాన్ని. నడుముకు కాస్త సుఖంగా ఉన్నది ఆ భంగిమ ఒక్కటే. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల దగ్గర అందరూ మోకరించి ఉంటే నేను మాత్రం నిలబడి తీసుకున్నాను. మా పాస్టరు అయ్యగారు వంగి నా చేతిలో రొట్టె పెట్టబోయి, నన్ను చూసి మళ్లీ నిటారుగా నిలబడ్డారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అంతకంటే బాధ పెట్టింది ఒక కూడికలో విన్న మాట. నా కోసం ప్రార్థన చేసిన ఒకావిడ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "విశ్వాసం గట్టిగా ఉంటే ఈ మాత్రలు ఎందుకమ్మా?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ రోజు నుంచి నొప్పి వచ్చినప్పుడల్లా అది నా అవిశ్వాసానికి రుజువేమో అనిపించేది. రాత్రి మాత్ర వేసుకుంటుంటే దేవుడికి దూరమవుతున్నానేమో అని భయం. కాలి నొప్పికన్నా ఈ టెన్షన్ ఎక్కువైపోయింది.

దసరా సెలవులకు ఇంటికి వెళ్తే అయ్యగారు చూడ్డానికి వచ్చారు. ఉన్నదంతా చెప్పాను. ఆయన నాకు ఉపదేశం ఏమీ చెయ్యలేదు. లూకా సువార్త పదమూడో అధ్యాయం తీసి, పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి చక్కగా నిలబడలేని స్త్రీ సంగతి చదివారు. విశ్రాంతి దినాన ఆమెను యేసు ప్రభువు బాగుచేస్తే సమాజమందిరపు అధికారి కోప్పడ్డాడు. మీ ఎద్దునో గాడిదనో విశ్రాంతి దినాన విప్పి నీళ్లకు తోలుకుపోరా అని ప్రభువు అడిగారు. తర్వాత ఏలీయా సంగతి చదివారు. బదరీవృక్షం కింద పడుకుని ఇక చావనివ్వమన్న ప్రవక్తకు దేవదూత ముందుగా పెట్టింది రొట్టె, నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు, మళ్లీ తిన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. "మాత్ర వేసుకో, డాక్టరు చెప్పిన పని చెయ్యి, ప్రార్థన మానకు" అన్నారు అయ్యగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

నొప్పి కాస్త దిగాక డాక్టరు గారు నన్ను ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆ మేడమ్ నేర్పినవి పిలాటీస్ పద్ధతి వ్యాయామాలు. పిలాటీస్ అంటే నాకు అప్పటికి తెలిసింది రీల్స్‌లో సినిమా హీరోయిన్లు స్ప్రింగుల బల్ల మీద చేసేదే. మాకు బల్లా లేదు, స్ప్రింగులూ లేవు. చాప, దాని మీద మడిచిన దుప్పటి.

మొదట్లో మేడమ్ కాలు కూడా కదపనివ్వలేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి పక్కటెముకలు వెడల్పయ్యేలా పీల్చాలి. వదులుతూ పొత్తికడుపు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకోవాలి. నడుమును నేలకు అదమకూడదు, పైకి లేపకూడదు, దాని సహజమైన వంపులో ఉంచాలి. చూడ్డానికి నేనేమీ చెయ్యనట్టే ఉండేది, కానీ చెమట పట్టేది. పొట్ట లోపలి పొరలో నడుము చుట్టూ తిరిగే ఒక కండరం, పూసలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే చిన్న కండరాలు ఉంటాయని, నొప్పి వచ్చినవాళ్లలో అవి సరిగ్గా పనిచెయ్యవని, ముందు వాటిని నిద్రలేపాలని మేడమ్ చెప్పారు. "ఊపిరి బిగబట్టకు తల్లీ" అని ఎన్నిసార్లు అన్నారో!

తర్వాత నడుము కదలకుండా ఒక్కో పాదం నేల మీంచి లేపడం వచ్చింది. ఆ తర్వాత తుంటిని పైకెత్తే బ్రిడ్జ్. పక్కకు తిరిగి పడుకుని పై మోకాలు తెరవడం. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం. పిలాటీస్‌లో పేరున్న 'హండ్రెడ్' ఉంది, ఐదు లెక్కలు పీల్చి ఐదు లెక్కలు వదులుతూ పదిసార్లు చేసేది. తల, భుజాలు లేపి చేసే ఆ వ్యాయామాన్నీ, పడుకున్న చోటి నుంచి ముందుకు వంగి లేచే 'రోల్ అప్'నూ మేడమ్ చాలాకాలం ముట్టుకోనివ్వలేదు. డిస్క్ వెనక్కి ఉబ్బినవాళ్లు ముందుకు వంగితే ఒత్తిడి పెరుగుతుంది. యూట్యూబ్ చూసి పిలాటీస్ మొదలుపెట్టే నడుము నొప్పివాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చాలా వీడియోలు మొదలయ్యేదే ఆ రెండింటితో. ఇంకొకటి, రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పట్టి ఉబ్బుగా ఉంటాయి కాబట్టి లేచిన గంటదాకా వంగే పనులు వద్దన్నారు. అందుకే పొద్దున్న ప్రార్థనకు, సాయంత్రం చాపకు కేటాయించుకున్నాను.

సంక్రాంతికి ముందు ఒకసారి నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ఇంటర్నల్స్‌కి రాత్రిళ్లు కూర్చుని చదివాక పిక్కలో తిమ్మిరి వచ్చేసింది. అంతా మొదటికొచ్చిందని భయపడితే, మేడమ్ పాదం బలం, స్పర్శ చూసి, "ఇది మామూలే, రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కుదాం" అన్నారు. మళ్లీ ఊపిరి దగ్గర నుంచి మొదలుపెట్టాం. ఈసారి త్వరగానే తేరుకున్నాను.

నేను చాప మీద చేసేది చూసి కాలేజీ ప్రేయర్ సెల్‌లో ఒక అన్నయ్య, "ఇది యోగానే కదా సిస్టర్, మనం చెయ్యొచ్చా?" అని అడిగాడు. అమ్మకూ ఇదే సందేహం. నిజాయితీగా అడిగిన ప్రశ్న కనుక తెలుసుకునే జవాబు చెప్పాలనుకున్నాను. ఈ పద్ధతిని తయారుచేసింది జోసెఫ్ పిలాటీస్ అనే జర్మన్. 1883లో మోంషెన్‌గ్లాడ్‌బాఖ్ ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, ఎముకలు మెత్తబడే రికెట్స్, కీళ్లను పట్టే రుమాటిక్ జ్వరాలతో బాధపడి, బలం కోసం జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ పట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఇంగ్లండులో ఉండటంతో, జర్మన్ అని అతన్ని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని శిబిరంలో నిర్బంధించారు. అక్కడ మంచాలకు స్ప్రింగులు కట్టి రోగులచేత వ్యాయామం చేయించాడని చెబుతారు. 1926 ప్రాంతంలో న్యూయార్క్ వెళ్లి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. దెబ్బలు తగిలిన నృత్య కళాకారులు అక్కడికి వచ్చేవారు. తన పద్ధతికి అతను పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1967లో చనిపోయాడు. యోగా నుంచి కూడా కొంత తీసుకున్నాడని అంటారు, అది దాచను. కానీ నేను చేసేదాంట్లో మంత్రం లేదు, ఏ దేవుడికీ నమస్కారం లేదు. కండరం, ఊపిరి, పూస, అంతే. నా రూమ్మేట్ హిందువు, రోజూ సూర్య నమస్కారాలు చేస్తుంది. నాకు చెప్పుల పట్టీ పెట్టిన మనిషి ఆమె. ఆమె చేసేదాన్ని తక్కువ చేసి మాట్లాడి నేను చేసేదాన్ని సమర్థించుకోవడం నాకు ఇష్టం లేదు. నా మనస్సాక్షికి ఏది సరిపోతుందో నేను చూసుకున్నాను.

మా గుంటూరు లూథరన్లకు డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు తెలుసు. జోసెఫ్ పిలాటీస్ పుట్టిన ఆ 1883లోనే ఆమె అమెరికా నుంచి మిషనరీగా ఈ ఊరు వచ్చారు. ఇక్కడి ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేస్తూ ఆసుపత్రి కట్టించి, తన జీవితమంతా ఈ ఊరికే ఇచ్చారు. మా సంఘం వాక్యాన్ని, వైద్యాన్ని రెంటినీ ఒకే చేతుల నుంచి అందుకుంది. ఆ ఆసుపత్రిలో పుట్టిన తాతలు, నాయనమ్మలు ఉన్న ఊళ్లో మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనని ఎలా అంటాం?

మీ దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాసిన మాట మాకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చు. దాన్ని సిగరెట్, మందు మానమని చెప్పడానికే ఎక్కువ వాడతారు. రాత్రి రెండింటిదాకా మేలుకుని, పొద్దున టిఫిన్ మానేసి, రోజంతా కుర్చీలో కూలబడటం గురించి ఎవరూ అదే వాక్యం చెప్పరు. చెప్పాలని నా కోరిక. అలాగని వ్యాయామానికి వాక్యం అతికిస్తేనే అది క్రైస్తవ వ్యాయామం అవుతుందనీ అనుకోను. కొన్నిసార్లు ఊపిరి వదులుతూ "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అనుకుంటాను. కొన్నిసార్లు ఉత్త లెక్కలే పెట్టుకుంటాను. రెండూ ఆయన చూస్తుండగానే.

సన్నబడతానని పిలాటీస్ చేసే స్నేహితులు నాకున్నారు. నడుము కొలత గురించే మాట్లాడుకుంటూ, తిండి మానేసి నీరసపడే అమ్మాయిల్ని చూస్తే నాకు దిగులు. నాకు ఈ వ్యాయామం ఇచ్చింది వేరు. ఈ ఏడాది గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన మూడు గంటలూ చర్చిలో ఉన్నాను, మాట మాటకూ మధ్య లేచి వెనక గోడ దగ్గర కాసేపు నిలబడుతూ. ఈస్టర్ నాడు ప్రభు బల్ల దగ్గర అమ్మ పక్కన మోకరించాను.

ఇందులో అద్భుతమైన మందేదో ఉందని మాత్రం చెప్పను. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా నడుము నొప్పికి పిలాటీస్ ఏమీ చెయ్యకుండా ఉండటం కన్నా మేలనీ, మిగతా వ్యాయామాలకన్నా గొప్పదని తేల్చే ఆధారం దొరకలేదనీ చెప్పింది. ఈతో, నడకో, ఇంకోటో, ఎవరికి కుదిరింది వాళ్లు రోజూ చెయ్యగలగడమే ముఖ్యమని మేడమ్ మాట.

ఈస్టర్ తర్వాత అయ్యగారు నన్ను సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు సంఘం ముందు, చెప్పమన్నారు. ఒక పెద్దావిడ ముందే పిలిచి, "ఆ ఎక్సర్‌సైజుల సంగతి ఎందుకమ్మా, దేవుడు బాగుచేశాడని చెప్పు చాలు" అన్నారు. "దేవుడు వాటితోనే బాగుచేశాడు ఆంటీ, అవి తీసేస్తే నా సాక్ష్యంలో సగం పోతుంది" అన్నాను. ఎమ్మారై, మాత్రలు, అయ్యగారు చదివిన అధ్యాయం, మేడమ్, చాప, అన్నీ చెప్పాను.

ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు చుట్టూ చేరారు. వాళ్లలో సగం మంది మిరప కోతలకు, నాట్లకు వెళ్లేవాళ్లు. పొద్దస్తమానం వంగే ఉంటారు, నడుం పట్టేసిందని పట్టు కట్టుకుని మళ్లీ పనికి పోతారు. మేడమ్‌ని అడిగి, అందరూ చెయ్యగలిగినవి ఊపిరి వ్యాయామం, బ్రిడ్జ్ మాత్రమే శనివారం సాయంత్రాలు చర్చి హాల్లో చూపిస్తున్నాను. మొదటి వారం ఒక పిన్ని చాప మీద పడుకోబోతూ, ఎడమ పాదం చెప్పు తెలియకుండానే జారిపోతోందని, బొటనవేలు పైకి లేవడం లేదని మామూలుగా చెప్పింది. ఆమెను పడుకోనివ్వలేదు. అయ్యగారి బండి మీద ఆ సాయంత్రమే ఆసుపత్రికి పంపాం.