జల్పం: తర్కశాస్త్రం మీద ఒక బ్లఫ్ ఆట తయారీ, ఇప్పటివరకు జరిగిన పని

పేకముక్కలతో ఆడే బ్లఫ్‌లో గానీ, ఎనిమిది రకాల జీవాలు ఒక్కొక్కటి ఎనిమిది చొప్పున 64 కార్డులుండే కాక్రోచ్ పోకర్‌లో గానీ ఆటగాడు చెప్పే అబద్ధం ఒకే రకానికి చెందినది: బోర్లా పెట్టిన కార్డు ఒకటి, నోటితో చెప్పేది మరొకటి. ఎదుటివాడు కార్డు తిప్పితే నిజం తేలిపోతుంది. నిజ జీవితంలో మనలను పక్కదారి పట్టించే వాదాలు చాలావరకు అలాంటివి కావు. అక్కడ చెప్పిన విషయం నిజమే అయి ఉంటుంది, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం నిలవదు. ఈ రెండు దోషాలనూ విడివిడిగా పట్టుకోగలిగే ఆట ఒకటి తెలుగులో ఉండాలన్న కోరికతో ‘జల్పం’ (గెలుపు కోసం చేసే చర్చ అని అర్థం) తయారీ మొదలుపెట్టాను.

ఇలాంటి ఆటకు మొదటి చిక్కు తీర్పరి. వాదం బాగుందో లేదో ఆటగాళ్ల ఓట్లతో తేల్చితే మాటకారి ప్రతిసారీ గెలుస్తాడు, లేదా వెనకబడిన ఇద్దరు కలిసి ముందున్నవాడిని కిందికి లాగుతారు. తీర్పు కార్డులే చెప్పాలి. దానికి దారి మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో దొరికింది. పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో హేత్వాభాసలను, అంటే పైకి హేతువులా కనిపించి హేతువు కాలేని వాటిని, ఐదుగా చెప్పాడు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. వీటిలో మూడింటిని కార్డులతో ఎవరి అభిప్రాయమూ అవసరం లేకుండా నిరూపించవచ్చునని గమనించిన తరువాతే ఆటకు ఒక రూపం వచ్చింది.

ఒక్కో కార్డు మీద ఒక వస్తువు పేరు, దానికి ఉన్న లక్షణాల గుర్తులు ఉంటాయి. లక్షణాలు మొత్తం ఐదు: పొగ, నిప్పు, వెలుగు, నీరు, చలనం. తన వంతు వచ్చిన ఆటగాడు ఒక కార్డును బోర్లా పెట్టి, “ఇందులో పొగ ఉంది, కనుక నిప్పు ఉంది” అన్న పద్ధతిలో ప్రతిజ్ఞ, అంటే తాను నిలబెట్టదలచిన వాదం, చేస్తాడు. “అసిద్ధం” అని ఎవరైనా అడ్డుపడితే కార్డు తిప్పాలి. అందులో పొగే లేకపోతే హేతువు అసిద్ధం. పొగ ఉండి నిప్పు లేకపోతే ప్రతిజ్ఞ బాధితం. రెండు సందర్భాల్లోనూ చెప్పినవాడు ఓడినట్లే. “సవ్యభిచారం” అని అడ్డుపడేవాడు అసలు ఆ కార్డు జోలికే వెళ్లడు. పొగ ఉండి నిప్పు లేని మరో వస్తువు తన దగ్గర ఉందని చెప్పి, దానిని తానూ బోర్లానే పెడతాడు. అతను కూడా బుకాయిస్తూ ఉండవచ్చు కాబట్టి మొదటివాడు ప్రతిజ్ఞను వెనక్కు తీసుకోవాలో, “చూపించు” అనాలో తేల్చుకోవాలి.

మొదటి నమూనాలో ఐదు లక్షణాల కలయికలన్నీ ఒక్కోసారి వచ్చేలా 32 కార్డులు గీశాను. చూడటానికి పొందికగా ఉన్న ఆ అమరికలో ‘పొగ ఉంటే నిప్పు ఉంటుంది’ వంటి ఏ సూత్రాన్ని తీసుకున్నా దానికి సరిగ్గా ఎనిమిది వ్యతిరేక దృష్టాంతాలు, అంటే పొగ ఉండి నిప్పు లేని కార్డుల వంటివి, ఉంటాయి. నలుగురికి ఐదేసి కార్డులు పంచినప్పుడు, నా చేతిలో ఆ ఎనిమిదిలో ఒక్కటీ లేకపోతే, ఎదుటి ముగ్గురి దగ్గరా కూడా ఒక్కటైనా లేకుండా పోయే అవకాశం పదివేలలో రెండు. ఆ లోకంలో నిజమయ్యే సూత్రమే లేదు కనుక ప్రతిజ్ఞ చేయడానికి ఎవరూ సాహసించలేదు.

ఇప్పటి నమూనాలో కార్డులు 36, ఒక్కో సూత్రానికి మినహాయింపులు ఒక్కో సంఖ్యలో ఉంటాయి. పొగ ఉంటే నిప్పు ఉంటుందన్నదానికి ఒకే మినహాయింపు, అప్పుడే నీళ్లు చల్లి ఆర్పిన కట్టె. నిప్పు ఉంటే వెలుగు ఉంటుందన్నదానికి నివురుగప్పిన నిప్పు. వెలుగు ఉంటే నిప్పు ఉంటుందన్నదానికి మిణుగురు పురుగు, చంద్రుడు, ట్యూబులైటు అని మూడు. నలుగురు ఆడేటప్పుడు నాకు కనిపించని 31 కార్డుల్లో 15 ఎదుటివారి చేతుల్లో, 16 పక్కన పెట్టిన కట్టలో ఉంటాయి. కాబట్టి నా చేతిలో లేని మినహాయింపు ఒక్కటే ఉంటే అది ఎవరి దగ్గరైనా ఉండే అవకాశం 48 శాతం, రెండుంటే 74, మూడుంటే 88, నాలుగుంటే 94. నాలుగు దాటితే ఆ సూత్రం ఆటలో చచ్చినట్టే గనుక ముఖ్యమైన సూత్రాలన్నిటినీ ఒకటి నుంచి మూడు మినహాయింపుల మధ్య ఉంచాను.

ఈ లెక్కలోంచి నేను ఎదురుచూడని ఒక గుణం బయటపడింది. ఆట మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే. చంద్రుడు, ట్యూబులైటు రెండూ నా చేతిలోనే ఉంటే, “వెలుగు ఉంది, కనుక నిప్పు ఉంది” అన్న ప్రతిజ్ఞకు బయట మిగిలిన మినహాయింపు మిణుగురు ఒక్కటే. నాకు దెబ్బ తగిలే అవకాశం 88 నుంచి 48 శాతానికి దిగిపోతుంది. కట్టెల పొయ్యి కార్డును నిజాయతీగా ముందు పెట్టి, ఒక్క అబద్ధమూ ఆడకుండా, తప్పని నాకు స్పష్టంగా తెలిసిన సూత్రాన్ని నెగ్గించుకోగలను. ప్రతికూల సాక్ష్యాన్ని గుప్పిట్లో దాచుకుని నిజాలే మాట్లాడే మనిషి ఎంత ప్రమాదకారో ఈ ఒక్క ఎత్తు ఆటగాళ్లకు ప్రత్యక్షంగా చూపిస్తుంది.

వస్తువుల ఎంపిక అనుకున్నంత తేలిక పని కాలేదు. తర్కగ్రంథాల్లో పొగకూ నిప్పుకూ సంప్రదాయ దృష్టాంతం వంటిల్లు. ఆ పేరుతోనే కార్డు గీసి పొగ, నిప్పు రెండు గుర్తులూ వేశాను. మా ఇంట్లో ఆడించినప్పుడు మా మేనత్త ఆ కార్డును ఒకసారి ఎగాదిగా చూసి, “గ్యాస్ పొయ్యికి పొగెక్కడుందిరా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. ఇప్పుడు వంటిల్లు స్థానంలో కట్టెల పొయ్యి, గ్యాస్ పొయ్యి వేరువేరు కార్డులు. నిప్పు ఉన్నచోట పొగ ఉండాలన్న సూత్రానికి గ్రంథాలు చూపే ఎర్రగా కాల్చిన ఇనుప గుండు పక్కన గ్యాస్ పొయ్యి కూడా మినహాయింపుగా చేరింది. అయినా లోకజ్ఞానంతో వచ్చే తగవులు పూర్తిగా ఆగవు కనుక, కార్డు మీది గుర్తే తుది ప్రమాణమని నియమాల పత్రంలో మొదటి వాక్యంగా రాశాను.

రెండో పెద్ద మార్పు వితండకు సంబంధించినది. న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా చెబుతాయి: సత్యం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, సొంత పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిని ఖండించడానికే చేసేది వితండ. ఆడించి చూసినప్పుడు వితండకారులే ఎక్కువగా గెలిచారు. అందువల్ల గవ్వలు ప్రవేశపెట్టాను. మొదట్లో ప్రతివారికీ ఒక గవ్వ ఇస్తాను. ప్రతిజ్ఞ చేసిన ప్రతిసారీ మరొకటి వస్తుంది. అడ్డుపడాలంటే ఒక గవ్వ చెల్లించాలి. అయితే అడ్డుపడటం పూర్తిగా ఆగిపోకూడదు కనుక పాయింట్లలో ఆక్షేపణ నెగ్గితే రెండు లాభం, ఓడితే ఒకటి నష్టం అని పెట్టాను. లాభనష్టాలు సమానంగా ఉన్నప్పుడు ఎదుటివాడు బుకాయిస్తున్నాడని సగానికి మించి నమ్మకం కుదిరితే తప్ప అడ్డుపడటం లాభించదు. రెండుకు ఒకటి అయినప్పుడు మూడో వంతు దాటిన అనుమానం చాలు, దాంతో నోరు విప్పేవారు పెరిగారు.

అచ్చు విషయానికి వస్తే, 63 × 88 మిల్లీమీటర్ల కార్డులు ఒక ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి, కనుక 36 కార్డులకు నాలుగు కాగితాలు సరిపోతాయి. నమూనా దశలో మామూలు కాగితం మీద ముద్రించి, పాత పేకముక్క ముందు పెట్టి ప్లాస్టిక్ తొడుగులో దూరుస్తున్నాను. బ్లఫ్ ఆటలో ఇది తప్పనిసరి జాగ్రత్త: కత్తెరతో కోసిన అంచులను బట్టి బోర్లా ఉన్న కార్డును గుర్తుపట్టేస్తారు, పలుచని కాగితమైతే దీపం వెలుగుకు గుర్తులు వెనక నుంచి కనిపిస్తాయి. లక్షణాల గుర్తులను ఎడమ అంచున నిలువుగా పేర్చాను, అప్పుడే చేతిలో విసనకర్రలా పట్టుకున్నప్పుడు అన్నీ కనిపిస్తాయి. రంగులు సరిగా పోల్చుకోలేనివారి కోసం ఒక్కో గుర్తుకు ఒక్కో ఆకారం ఇచ్చాను. పేర్లకు రామభద్ర, వివరణకు మండలి ఫాంట్లు వాడుతున్నాను. రెండూ ఉచితంగా వాడుకోదగినవే. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయేంత ఉంచితే పై పంక్తిలోని వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి కనుక అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచాను.

ఇప్పుడు ఆటగాళ్ల సంఖ్యను బట్టి పంపకం సవరిస్తున్నాను. ఐదుగురికి ఐదేసి కార్డులిస్తే ఒక్క మినహాయింపు ఎదుటివారి దగ్గర ఉండే అవకాశం 65 శాతానికి చేరి ధైర్యాన్ని చంపేస్తుంది; నాలుగేసి ఇస్తే సరిగ్గా సగానికి వస్తుంది. ముగ్గురైతే ఏడేసి ఇస్తే నలుగురి ఆటలో లాగే 48 శాతం దగ్గర నిలుస్తుంది. ఇద్దరి ఆటకు ఇంకా పంపకం కుదరలేదు. సమాన బలంతో ఎదురు ప్రతిజ్ఞ చేసే సత్ప్రతిపక్షాన్ని ఆ ఇద్దరి ఆటలోనే మొదట ప్రయత్నించి చూస్తాను.