పానకాలస్వామి ముందు నిలిచే కోరిక

విజయవాడ నుండి గుంటూరు వెళ్ళే దారిలో మంగళగిరి కొండ కనపడగానే బస్సులో కూర్చున్నవారిలో కొందరు చేయి గుండెకు తాకించుకొని కళ్ళు మూసుకుంటారు. ఆ క్షణంలో ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క కోరిక మెదులుతుంది. అవన్నీ చేరేది ఆ కొండ మీద పానకాలస్వామిగా కొలువైన ఒకే నరసింహస్వామిని. ధర్మంగా బ్రతికేవాడి కోరికనూ, పరులను పీడించేవాడి కోరికనూ ఆయన ఒకే విధంగా వింటాడా అన్న ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి వదలలేదు. దానికి నాకు దొరికిన సమాధానం కొంత భగవద్గీతలోనూ, కొంత ఆ కొండ మీది స్థలపురాణంలోనూ, మిగిలినది నా చేతిలోని పానకపు బిందెలోనూ ఉన్నది.

గీత ఏడవ అధ్యాయం 11వ శ్లోకంలో కృష్ణుడిగా స్వామి ఇలా అంటాడు: "ధర్మావిరుద్ధో భూతేషు కామోఽస్మి భరతర్షభ." ప్రాణులలో ధర్మానికి విరుద్ధం కాని కోరికను నేనే అని దీని భావం. అటువంటి కోరిక నాకు ఇష్టమని గానీ, దానిని తప్పక తీరుస్తానని గానీ ఆయన ఇక్కడ చెప్పలేదు. ఆ కోరికే నేనని చెప్పాడు. కోరిక అనగానే కడిగివేయవలసిన మలినమని తలచే అలవాటు మనలో చాలామందికి ఉన్నది గనుక ఈ మాట దగ్గర కొంతసేపు ఆగవలసి ఉంటుంది. బిడ్డకు జ్వరం తగ్గాలని రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ కూర్చున్న తల్లి మనసులోని ఆరాటం గుడి మెట్లెక్కి స్వామికి చేరవలసిన విన్నపంగా మనకు కనపడుతుంది గానీ, ఈ శ్లోకాన్ని బట్టి చూస్తే ఆమె ఇంకా గడప దాటకముందే ఆ ఆరాటంగా ఆమెలో ఉన్నది ఆయనే.

మరి పరులను పీడించే ఆ రెండవవాడి కోరిక మాటేమిటి? పదహారవ అధ్యాయంలో ఆసుర స్వభావం గలవాడి మనసులోని మాటలను స్వామి మార్చకుండా అతని నోటితోనే పలికించాడు. ఇది ఈనాడు నాకు దక్కింది, ఈ కోరిక కూడా తీర్చుకుంటాను, ఈ ధనం నాది, అదీ నాదే అవుతుంది, ఆ శత్రువును నేను చంపాను, మిగిలినవారినీ చంపుతాను, నేనే ఈశ్వరుణ్ణి. 13, 14 శ్లోకాలను మెల్లగా చదివితే 'నేను', 'నా' అన్న అర్థాన్నిచ్చే మాటలు ఆరు సార్లు వినిపిస్తాయి. ఆ కోరికలో మరొక మనిషి కనపడేది ఒకే ఒక్క చోట, అది కూడా చంపబడిన శత్రువుగా.

ఈ కోరికలు కూడా తీరుతాయి. లోకంలో చూస్తూనే ఉన్నాము, చూసి మనసులో బాధపడుతూనే ఉన్నాము. ఎవరు ఏ రూపాన్ని కొలిచి ఏది కోరినా దానిని సమకూర్చేది నేనేనని ఏడవ అధ్యాయంలోనే స్వామి ఒప్పుకున్నాడు. నాకు ద్వేషించదగినవాడూ లేడు, ప్రియుడూ లేడని తొమ్మిదవ అధ్యాయంలో చెప్పాడు. కనుక దుర్మార్గుడి మొర ఆయన చెవిన పడదని అనుకోవడానికి వీలు లేదు. అతని కోరిక తీరడం ఎలా ఉంటుందో మంగళగిరి కథ చెబుతుంది.

నముచి అనే రాక్షసుడు ఘోరమైన తపస్సు చేసి, తడిదానివలన గానీ పొడిదానివలన గానీ తనకు మరణం రాకూడదని బ్రహ్మ దగ్గర వరం పొందాడు. ఆ వరబలంతో అతడు దేవతలను హింసించగా ఇంద్రుడు విష్ణువును శరణు వేడాడు. స్వామి అనుగ్రహంతో సుదర్శన చక్రాన్ని నురుగులో ముంచి ప్రయోగించగా, ఈ కొండ గుహలో దాగిన నముచి అంతమొందాడు. నురుగు తడిదీ కాదు, పొడిదీ కాదు. హిరణ్యకశిపుడి వరమూ ఇదే తీరులో ఉన్నది. లోపల వద్దు, బయట వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు, మనిషి వలన వద్దు, మృగం వలన వద్దు. ఎంత జాగ్రత్తగా అడిగాడో చూడండి. అడిగిన ప్రతి మాటనూ స్వామి గౌరవించాడు; ఒక్కటి కూడా వమ్ము చేయలేదు. సంధ్యవేళలో, ద్వారం దగ్గర, తన తొడల మీద, గోళ్ళతో వచ్చాడు.

ఈ రెండు వరాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు మొదట కనపడినది గర్వం కాదు, భయం. 'వద్దు, వద్దు' అన్న మాటలతో కట్టిన గోడ అది. ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా కట్టుకున్న ఆ గోడలో స్వామికి కూడా చోటు లేదు. చోటు లేదు గనుకనే ఆయన వారు అడగడం మరచిన సందులో నుండి, సంధ్యలో నుండి, గడపలో నుండి, నురుగులో నుండి రావలసి వచ్చింది.

హిరణ్యకశిపుడి వధ తరువాత భాగవతం ఏడవ స్కంధంలో రెండు సంభాషణలు జరుగుతాయి. ఒకటి బ్రహ్మతో. క్రూర స్వభావులైన అసురులకు ఇటువంటి వరాలు ఇవ్వకు, అది పాములకు అమృతం పోయడం వంటిదని నృసింహుడు బ్రహ్మను మందలిస్తాడు. వరం అమృతమేనని ఆయన ఒప్పుకున్న సంగతి మనం గమనించాలి. చెడ్డది పాత్ర. రెండవ సంభాషణ ప్రహ్లాదుడితో. వరం కోరుకొమ్మని స్వామి అడిగితే, నీ దగ్గర ఫలాలు ఆశించేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అని ఆ బాలుడు జవాబిస్తాడు. మన మొక్కుల తీరు తెలిసినవారెవరికైనా ఈ మాట సూటిగా తగులుతుంది. ఇవ్వదలచుకుంటే నా హృదయంలో కోరికలు మొలకెత్తకుండా వరమివ్వు అని అంటాడు. అక్కడితో ఆగి ఉంటే అతడు వైరాగ్యం గల పిల్లవాడు మాత్రమే అయ్యేవాడు. కానీ వెంటనే మరొకటి అడిగాడు. నిన్ను తెలియక నిందించిన నా తండ్రి ఆ పాపం నుండి పవిత్రుడు కావాలి, అన్నాడు. తనకు విషం పెట్టించి, ఏనుగులతో తొక్కించిన తండ్రి కోసం అడిగాడు. నీ తండ్రి ఒక్కడే కాదు, ఇరవై ఒక్క తరాలవారు పవిత్రులయ్యారని స్వామి బదులిచ్చాడు. తండ్రి కోరికకు మాట మాట కొలిచి ఇచ్చిన చేయి, కొడుకు కోరికకు కొలత చూడలేదు.

ఇదంతా నాకు పుస్తకంలో తెలిసిన విషయమే. కొండ మీద మాత్రం వేరుగా తెలిసింది. పొలం గట్టు విషయంలో మా పినతండ్రి కొడుకుతో నాకు తగాదా వచ్చి, అది కోర్టుకు చేరిన ఏడాది పానకం సమర్పించడానికి వెళ్ళాను. కొండ మీద స్వామికి మూర్తి అంటూ పూర్తిగా లేదు. తెరచిన నోరే స్వామి. అర్చకులు శంఖంతో పానకం పోస్తుంటే మనిషి తాగుతున్నట్లు గుటక వినపడుతుంది, కొంతసేపటికి ఆగుతుంది, మిగిలిన సగం ప్రసాదంగా మన పాత్రలోకి వస్తుంది. కృతయుగంలో స్వామి ఇక్కడ అమృతాన్ని, త్రేతలో నేతిని, ద్వాపరంలో పాలను స్వీకరించాడనీ, కలిలో బెల్లపు పానకంతో తృప్తి పడుతున్నాడనీ పెద్దలు చెబుతారు. నముచిని సంహరించిన కోపం చల్లారడానికి తాగిన అమృతమే ఇప్పుడు మన బెల్లం నీళ్ళయింది.

వరుసలో నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది. మిరప రైతు కుటుంబమని ఆమె మాటల వలన తెలిసింది. కొంగు చెరగును రెండు చేతులా పట్టుకొని, చుట్టూ ఎవరున్నారన్నది పట్టించుకోకుండా పైకే అడిగింది: "సామీ, ఈయేడు కాయకి ధర రావాల. మాకొక్కళ్ళకే కాదు, ఊళ్ళో యేసినోళ్ళందరికీ రావాల." గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎక్కువగా వచ్చిన రోజున ధర పడిపోతుందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. పక్కవాడి పంట పోతే తన కాయకు ధర పెరుగుతుందని తెలిసి కూడా అందరి కోసం అడిగింది. ధర్మావిరుద్ధమైన కామం ఎలా ఉంటుందని ఎవరైనా నన్ను అడిగితే నాకు ఆ చెరగే కళ్ళ ముందుకు వస్తుంది.

నా చేతిలోని బిందెలో పానకం మీద సన్నని నురుగు తేలుతున్నది. నా మనసులో ఉన్న కోరిక గట్టు గురించి అని అనుకుంటూ కొండ ఎక్కాను గానీ, నిజంగా ఉన్నది వేరు. అతడు ఓడిపోవాలి, ఊరి నలుగురిలో తల దించుకోవాలి, వాడి పిల్లలు అది చూడాలి. ఆ మాటలను లోపల వరుసగా పేర్చుకుంటూ నురుగు వైపు చూస్తున్న నాకు నముచి గుర్తుకు వచ్చాడు. దుర్మార్గుడి కోరిక గురించి ఇన్నేళ్ళుగా చదివినప్పుడల్లా ఆ దుర్మార్గుడు ఎవరో వేరొకడని అనుకున్నాను. ఆ రోజు నోరు తెరచి ఏదీ అడగలేకపోయాను. స్వామి మాత్రం నా పానకాన్ని ముందు ఆవిడ పానకం తాగినట్లే తాగాడు. గుటకలో నాకు తేడా వినపడలేదు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. కేసు అప్పటికీ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. గట్టు ఎక్కడ ఉండవలసినదో అక్కడ నిలుపు స్వామీ, అది నా చేలోకి జరిగినా సరే, అని ఈసారి పైకే అడిగాను. ఆ చివరి మాట అనడానికి గొంతు సహకరించలేదు, రెండవసారి అనవలసి వచ్చింది. అర్చకులు శంఖం వంచారు. గుటక వినపడి ఆగింది, సగం బిందె నా చేతికి తిరిగి వచ్చింది.